మా సాహెబా హయాత్ బక్షీ బేగం

గోల్కొండ సుల్తానుల పేర్లను మన విద్యార్థులు వరుస తప్పకుండా అప్పజెప్పగలరు. సుల్తాన్ కులీ మొదలు తానీషా వరకు ఒక్కరినీ విడువరు. ఆ వరుసలో ఒక సుల్తానుకు కుమార్తెగా, మరొకరికి భార్యగా, ఇంకొకరికి తల్లిగా మెలగి, ముగ్గురి కాలంలోనూ రాజ్యం మంచిచెడ్డలను కనిపెట్టుకొని ఉన్న ఒక స్త్రీ పేరు మాత్రం వారి నోట వినరాదు. ఆమె హయాత్ బక్షీ బేగం. ప్రజలు ఆమెను గౌరవంతో మా సాహెబా అని పిలిచారు. ఆ పిలుపే మాసబ్ ట్యాంక్ అనే పేరులో నేటికీ హైదరాబాదు బస్సులమీద తిరుగుతున్నది. చెరువు పోయింది, పేరు మిగిలింది.

హైదరాబాదు నగరాన్ని కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షాకు ఆమె ఏకైక కుమార్తె. ఆయన దక్కనీ ఉర్దూలో దివాన్ సంతరించిన కవి, భోగి, నిర్మాత. బేగం తల్లి ఎవరన్న విషయమై భాగమతి కథతో ముడిపడిన వివాదం ఒకటి ఉన్నది. పండితులు దానిని ఎంతకాలమైనా సాగదీయగలరు గనుక మేము అందులోకి దిగటం లేదు. సుల్తానుకు వారసుడుగా కుమారుడు లేడు. కుమార్తె ఉన్నా సింహాసనం ఆమెది కాదు. అందుచేత 1607లో తన తమ్ముని కుమారుడైన సుల్తాన్ మహమ్మదుకు ఆమెనిచ్చి వివాహం చేశాడు. 1612లో మహమ్మద్ కులీ మరణించగా అల్లుడు గద్దె నెక్కాడు. తండ్రి రాజ్యం కుమార్తె చేతిమీదుగా దాటిపోయింది గాని, ఆ చేతిలో నిలువలేదు.

ఇది మన దేశానికే ప్రత్యేకమైన ఆచారమని తలచరాదు. ఆ దినాలలోనే ఐరోపా మన గుమ్మంలోకి వచ్చి నిలిచింది. మా పిట్టలవానిపాలేనికి ఎంతో దూరం లేని నిజాంపట్నంలో డచ్చివారు 1606లోనే వర్తకం ఆరంభించారు. 1611లో ఆంగ్లేయుల గ్లోబు ఓడ ముందుగా ఆ రేవునే తాకి, పిమ్మట మచిలీపట్నం చేరింది. వారి కాగితాలలో మన నిజాంపట్నం పేరు పెట్టపోలి. ఈ నావికులు విడిచివచ్చిన ఇంగ్లండులో వివాహమైన స్త్రీకి చట్టం దృష్టిలో భర్తనుండి వేరైన వ్యక్తిత్వమే లేదు. ఆమె సొమ్ము, ఆమె సంపాదన భర్తవే. ఈ స్థితిని సవరించటానికి 1870, 1882 సంవత్సరాల శాసనాలు రావలసివచ్చింది. ఫ్రాన్సులో స్త్రీకి సింహాసనార్హత లేదు. అయినప్పటికీ 1610లో నాలుగవ హెన్రీ హత్యకు గురికాగా, బాలుడైన పదమూడవ లూయీ పేరిట పరిపాలించినది తల్లి మరీ ద మెదిచీ. 1643లో పదునాలుగవ లూయీ పేరిట పాలించినది అతని తల్లి ఆన్. కూతురుగా కూర్చోరాని చోట తల్లిగా కూర్చోవచ్చునన్నమాట! ఈ నియమం పారిస్‌లోనూ గోల్కొండలోనూ ఒక్కటే.

ఆ తరుణం మన బేగంకు 1626లో వచ్చింది. భర్త మరణించాడు. కుమారుడు అబ్దుల్లా పండ్రెండేండ్ల బాలుడు. దర్బారులో ఇరానీ అమీరులు, దక్కనీ అమీరులు ఒకరినొకరు ఓర్వనివారు. ఉత్తరాన మొగలుల ఒత్తిడి నానాటికి పెరుగుతున్నది. తూర్పు తీరంలో డచ్చివారు, ఆంగ్లేయులు రాయితీలకై ఒకరికంటె ఒకరు ముందుపడుతున్నారు. 1632లో ఏటికి ఐదువందల వరహాల సుంకంతో గోల్కొండ రేవులలో వర్తకం చేసుకొనే ఫర్మానా ఆంగ్లేయులకు దొరికింది. అది అబ్దుల్లా పేరిట వెలువడింది. అప్పటికి అతనికి పద్దెనిమిదేండ్లయినా నిండీ నిండలేదు. సింహాసనం వెనుక తెర ఉన్నదనీ, తెర వెనుక తల్లి ఉన్నదనీ దర్బారులో ఎరుగనివారు లేరు.

ఆమె మాతృహృదయాన్ని గురించి హైదరాబాదులో ఒక ఐతిహ్యం ప్రచారంలో ఉన్నది. బాలుడైన అబ్దుల్లా ఎక్కిన ఏనుగు మదించి అడవులలోకి పారిపోయిందట. కుమారుడు క్షేమంగా తిరిగివస్తే ఏనుగు గొలుసంత బరువైన బంగారు గొలుసును హుసైనీ ఆలంకు సమర్పిస్తానని తల్లి మొక్కుకున్నదట. అతడు తిరిగివచ్చాడు, ఆమె మొక్కు చెల్లించింది. మొహర్రం దినాలలో లంగర్ ఊరేగింపు దానివల్లనే పుట్టిందంటారు. అది ఆసఫ్‌జాహీల కాలంలోనూ వైభవంగా సాగింది. కథలో నిజమెంతైనా కానీండు, జనం ఆమెను రాణిగా గాక తల్లిగానే జ్ఞాపకం ఉంచుకోదలచారన్నది ఇందువల్ల తేటపడుతున్నది. ఇది మాకు కొంత వెలితిగానే తోస్తుంది.

ఏలనగా ఆమె చేసిన పని తల్లితనంతో తీరేది కాదు. మచిలీపట్నం బాటమీద, రాజధానికి తూర్పున ఆమె పేరిట వెలసిన హయాత్‌నగర్‌ను చూడండి. అక్కడ మసీదు, దానిచుట్టూ బాటసారులు తలదాచుకొనే సరాయి గదులు, దాపున ఏనుగు బావి ఉన్నాయి. రేవునుండి వచ్చే వర్తకుడు నగరం చేరబోయేముందు రాత్రి గడపటానికి తగిన తావు. మన ప్రాంతంనుండి విజయవాడ మీదుగా హైదరాబాదు పోయేవారు నేటికీ ఆ ఊరు దాటే నగరంలో ప్రవేశిస్తారు. ముస్లిం ధర్మశాస్త్రం వివాహితకు మహర్ మీద, వారసత్వపు సొత్తు మీద స్వంత హక్కు ఇచ్చింది. సింహాసనం దక్కని స్త్రీ తన సొమ్ముతో ఊరు నిలుపవచ్చును, బావి త్రవ్వించవచ్చును. నాటి ఆంగ్ల గృహిణి భర్త అనుమతి లేక ఇంతలో నూరవవంతు కూడా చేయజాలదు.

ఆమె జీవితంలో అత్యంత కఠినమైన పరీక్ష వృద్ధాప్యంలో వచ్చింది. 1636లోనే అబ్దుల్లా షాజహానుకు లోబడి కప్పం ఒప్పుకొన్నాడు. 1655లో మీర్ జుమ్లా కుమారుని ఖైదు చేసిన నెపం దొరకగానే, దక్కను సుబేదారుగా ఉన్న ఔరంగజేబు దండెత్తాడు. 1656 జనవరిలో అతని కుమారుడు మహమ్మద్ సుల్తాన్ హైదరాబాదును కొల్లగొట్టాడు. అబ్దుల్లా గోల్కొండ కోటలో తలదాచుకున్నాడు. ఫిబ్రవరిలో ముట్టడి బిగిసింది. ఆ సమయంలో కోట వెడలి శత్రు శిబిరానికి పోయి ఔరంగజేబుతో సంధి మాటలాడినది సుల్తాను కాదు, వజీరు కాదు, ఆ వృద్ధమాత. 1529లో కాంబ్రేలో ఫ్రాన్సు రాజు తల్లి, చక్రవర్తి మేనత్త కూర్చొని యుద్ధం ఆపిన సంధిని ఐరోపావారు స్త్రీల సంధి అన్నారు. గోల్కొండ సంధికి మన చరిత్రకారులు అట్టి పేరు పెట్టలేదు.

సంధి షరతులు తేలికైనవి కావు. కోటి రూపాయల పరిహారం, రాంగీర్ పరగణా, వీటితోపాటు అబ్దుల్లా రెండవ కుమార్తెను మహమ్మద్ సుల్తానుకిచ్చి వివాహం. ఢిల్లీలో దారాషికో, షాజాదీ జహనారా గోల్కొండ పక్షాన మాటలాడిన మీదట షాజహాను ఆజ్ఞ వచ్చి, మార్చి నెలాఖరున ముట్టడి ఎత్తివేయబడింది. రాజ్యం మరి ముప్పదియొక ఏండ్లు నిలిచింది.

కాని ఆ పిల్ల మాటేమిటి? నగరాన్ని దోచిన వానికే ఆమె భార్య అయింది. మూడేండ్లకే అతడు తండ్రిని విడిచి పెదతండ్రి షుజాతో చేరి, షుజా కుమార్తెను పెండ్లాడాడు. పిమ్మట తండ్రికి చిక్కి, శేషజీవితమంతా బందీగా గడిపి 1676లో చనిపోయాడు. చరిత్ర పుస్తకాలలో పరిహారపు లెక్క ఉన్నది, పరగణా పేరు ఉన్నది, ఆ పిల్ల సుఖదుఃఖాలకు ఒక్క వాక్యం లేదు. రాజకీయ వివాహం అంటే ఏమిటో మా సాహెబాకు వేరొకరు చెప్పనక్కరలేదు. ఆమె స్వయంగా అట్లు ఇయ్యబడినదే. మనుమరాలిని పంపిన రాత్రి ఆమెకు నిద్ర పట్టి ఉంటుందని మేము నమ్మలేము. ఆమెను నిందించనూ లేము.

హయాత్ బక్షీ బేగం 1667 ఫిబ్రవరిలో కన్నుమూసింది. గోల్కొండ సమాధుల తోటలో సుల్తానుల సమాధులకు ఏమాత్రం తీసిపోని ఎత్తైన గుమ్మటం క్రింద ఆమె నిద్రిస్తున్నది. చెంతనే ఆమె కడపటి దినాలలో లేచిన పెద్ద మసీదు ఉన్నది. అయిదేండ్లకు అబ్దుల్లా కూడా పోయాడు. అతనికి ముగ్గురు కుమార్తెలే, కుమారులు లేరు. మూడవ కుమార్తె భర్త అబుల్ హసన్ తానీషా గద్దె నెక్కాడు.