క్యూ సకమోటో జీవితము

పాట చెవికి ఇంపు గూర్చుటయే కాక, దుఃఖితులకు ధైర్యము నొసగినప్పుడే సార్థక మగును. అట్టి యొక పాటచే లోకప్రసిద్ధి నొందిన జపాను గాయకుడు క్యూ సకమోటో చరిత్రమును మా విద్యార్థుల కొఱకు సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఈతడు 1941వ సంవత్సరము డిశంబరు 10వ తేదీన టోకియో చెంతనున్న కవాసాకి నగరమున జన్మించెను. తొమ్మండుగురు బిడ్డలలో కడగొట్టువాడు. జపాను భాషలో క్యూ అనగా తొమ్మిది. ఉన్నతపాఠశాలలో చదువుకొను దినములలో అమెరికా గాయకుడగు ఎల్విస్ ప్రెస్లీ పాటల ననుకరించుచు తోడివారిని రంజింపజేయుచుండెను. 1958లో నొక వాద్యబృందమున జేరి, పదునేడేండ్లైన నిండకమునుపే గాయకవృత్తి నవలంబించెను.

1961లో రోకుసుకె ఎయి రచించి, హచిదయి నకమురా స్వరపఱచిన గీతమును ఈతడు పాడెను. రోకు అనగా ఆఱు, హచి అనగా ఎనిమిది. కావున ఈ మువ్వురను జనులు ఆఱు-ఎనిమిది-తొమ్మిది యని ముద్దుగా బిలిచిరి. కన్నీరు జాఱకుండుటకై తల పైకెత్తి నడచు నొక యొంటరి మనుష్యుని వేదనయే ఆ గీతము. 1960లో అమెరికాతోడి రక్షణసంధికి విరుద్ధముగా జపానులో జరిగిన మహాందోళనము విఫలము కాగా, కవికి గలిగిన నిరాశయే దానికి మూలమని చెప్పుదురు.

కాని విధి విచిత్రమైనది. ఆ పాట అమెరికాలోనే అత్యధికాదరణ పొందెను. 1963 జూనులో అచ్చటి బిల్‌బోర్డు పత్రిక ప్రకటించు పాటల పట్టికలో మూడు వారములు ప్రథమస్థానమున నిలిచెను. జపాను భాషలోని మఱి యే పాటయు నేటివఱకు ఆ గౌరవము నందలేదు. జపాను పేరు పలుకుట కష్టమని తలచి పాశ్చాత్య వర్తకులు దానికి సుకియాకి యని పేరిడిరి. అది యొక మాంసపు వంటకము పేరు. పాటకును దానికిని ఏ సంబంధమును లేదు. పేరు తప్పైనను, మాటలు తెలియకున్నను, ఆ కంఠమందలి దుఃఖమును, దానిని మించిన ధైర్యమును శ్రోతలు గ్రహించిరి.

కీర్తి వచ్చిన పిదప ఈతడు వికలాంగుల మేలుకొఱకు పాటుపడెను. 1971లో నటీమణి యగు యుకికో కషివాగిని వివాహమాడి, యిద్దఱు కుమార్తెలను గాంచెను.

1985 ఆగష్టు 12వ తేదీ సాయంకాలమున టోకియోనుండి ఒసాకాకు బోవు విమానము కొండలలో గూలెను. అందలి 524 మందిలో నలుగురు మాత్రమే బ్రదికిరి. మృతులైన 520 మందిలో సకమోటో యొకడు. అప్పటి కాతని వయస్సు 43 సంవత్సరములు.

ఖగోళశాస్త్రజ్ఞులు 6980వ సంఖ్యగల చిన్నగ్రహమునకు ఆతని పేరు పెట్టిరి. 2011లో భూకంపమును సముద్రపు ఉప్పెనయు జపానును పీడించినప్పుడు, ఆ ప్రజలు మరల ఆతని పాటనే పాడుకొనిరి. దుఃఖము రాకుండ జేసికొనుట మన వశము కాదు; అది వచ్చినప్పుడు తల వంపక నడచుట మన వశమే. ఈ పాఠమును మా బాలబాలికలు మఱువకుందురు గాక!