చూడలేనని తెలిసీ లెక్క కట్టిన హేలీ

విశాఖపట్నం: హేలీ పేరు వినగానే తోకచుక్క స్ఫురిస్తుంది. 1874 డిసెంబరు 9న డాబాగార్డెన్స్‌లో, మామ గోడే వెంకట జగ్గారావు నెలకొల్పిన వేధశాల నుంచి అంకితం వెంకట నర్సింగరావు తిలకించిన శుక్ర సంక్రమణానికి అంతటి ప్రాధాన్యం లభించడానికి కారకుడూ ఆయనే.

ఎడ్మండ్ హేలీ 1656లో లండన్ సమీపంలో ఒక సబ్బుల వ్యాపారి ఇంట జన్మించారు. ఆక్స్‌ఫర్డ్ చదువును మధ్యలోనే విడిచి, ఇరవయ్యో ఏట దక్షిణాకాశ నక్షత్రాల పట్టిక కోసం సెయింట్ హెలీనా దీవికి వెళ్లారు. 1677లో బుధుడు సూర్యబింబాన్ని దాటడం అక్కడే చూశారు. ప్రవేశ, నిష్క్రమణ వేళలను గడియారంతో నిక్కచ్చిగా పట్టుకోగలిగారు. ఇదే పని శుక్రుడితో చేస్తే సూర్యుడి దూరం తేలుతుందని గ్రహించారు.

1716లో ఆ ఉపాయాన్ని రాయల్ సొసైటీ పత్రికలో వివరించారు. భూమిపై దూరదూరాన ఉన్న రెండు చోట్ల నుంచి చూస్తే శుక్రుడు వేర్వేరు గీతల వెంట బింబాన్ని దాటుతాడు. అందుకే పట్టే సమయమూ మారుతుంది. గంగానది ముఖద్వారానికి, ఉత్తర అమెరికాలోని హడ్సన్ అఖాత తీరానికి ఆ తేడా సుమారు 17 నిమిషాలు, అంటే 1020 సెకన్లు ఉంటుందని ఆయన అంచనా. సమయం గుర్తించడంలో తప్పు 2 సెకన్లకు మించకుంటే దూరంలో వచ్చే తప్పు 500వ వంతే. దూరదర్శిని ఎక్కుపెట్టక ముందే ఫలితంలోని దోషమెంతో చెప్పడం ఆనాటికి సాహసమే. నేడు ఇతర నక్షత్రాల ముందుగా దాటే గ్రహాలను పరిశీలించేవారూ ముందు ఇలాంటి లెక్కే వేసుకుంటారు.

చిక్కల్లా ఆ సంక్రమణం 1761లో కావడమే. అప్పటికి తనకు నూరేళ్లు దాటుతాయి. అందుకే ఆ బాధ్యతను భావితరం వారికి అప్పగించారు. 1720లో గ్రీనిచ్‌లో రాజ ఖగోళవేత్త పదవి చేపట్టి, 1742లో కన్నుమూశారు.

1761, 1769 సంవత్సరాలలో పలు దేశాల పరిశీలకులు సముద్రాలు దాటి వెళ్లారు. శుక్రుడి మార్గం విషయంలో హేలీ లెక్క కొంత తప్పినందున ఆయన సూచించిన స్థలాలను మార్చవలసి వచ్చింది. అసలు దెబ్బ మరోచోట తగిలింది. బింబం అంచును వీడే వేళ శుక్రుడు నల్లటి బొట్టులా సాగి అంటుకుని కనిపించాడు. పక్కపక్కనే నిలిచినవారి గడియారాల లెక్కలే కొన్ని సెకన్లు తేడా పడ్డాయి. 2 సెకన్ల హద్దు నిలవలేదు. రెండు సంక్రమణాల ఫలితాలనూ క్రోడీకరించి ఫ్రెంచి ఖగోళవేత్త లాలాండ్ 1771లో తేల్చిన దూరం 15.3 కోట్ల కిలోమీటర్లు. సరియైన దూరం 14.96 కోట్లు. నల్లబొట్టు బెడద 1874లోనూ తప్పలేదు.