తండ్రిగా, తాతగా అన్నమాచార్యులు

మానవుడు మూడు ఋణాలతో జన్మిస్తాడని ధర్మశాస్త్రాలు చెబుతున్నాయి. దేవఋణం యజ్ఞంచేత, ఋషిఋణం అధ్యయనంచేత, పితృఋణం సంతానంచేత తీరుతాయి. తాళ్లపాకవారి ఇల్లు ఈ మూడు ఋణాలను హరిసంకీర్తనమనే ఒకే సాధనంతో తీర్చుకున్నది. అన్నమాచార్యులవారు పదకవితా పితామహులని లోకమెరుగును. ఆ మహనీయులు ఒక తల్లికి బిడ్డగా, ఇల్లాండ్రకు భర్తగా, కుమారులకు తండ్రిగా, మనుమలకు తాతగా జీవించిన తీరు కూడ భక్తకుటుంబాలకు నిత్యస్మరణీయం. ఆ గృహస్థజీవితమే లేకున్న, వారి సంకీర్తనలు మనదాకా వచ్చి ఉండేవి కావు.

ఈ వంశకథ ఒక తాతగారితోనే ఆరంభమవుతుంది. అన్నమయ్యగారి తాత నారాయణయ్య. బాల్యంలో ఆయనకు చదువు అబ్బలేదు. ఊటుకూరులో బంధువుల ఇంట ఉండి చదువుకుంటున్నప్పుడు గురువుల దండనకు, తోటివారి పరిహాసానికి కుమిలిపోయి, ప్రాణం విడువ నిశ్చయించి గ్రామదేవత చింతలమ్మ గుడిలోని పాముపుట్టలో చేయి పెట్టాడట. అమ్మవారు సాక్షాత్కరించి, అతని వంశంలో మూడవ తరాన శ్రీహరి వరప్రసాదియైన మహాభక్తుడు పుడతాడని ఊరడించి పంపిందని వంశచరిత్ర. చదువురాని బాలుని కన్నీటికి దేవత ఇచ్చిన ఆ వరం మనుమనియందు ఫలించింది.

నారాయణయ్య కుమారుడు నారాయణసూరి పండితుడు. ఆయన ఇల్లాలు లక్కమాంబ పరమభక్తురాలు. చిరకాలం సంతానం లేక ఆ దంపతులు తిరుమలకు వచ్చి, ధ్వజస్తంభం చెంత సాగిలి మొక్కినప్పుడు ఒక దివ్యతేజస్సు కనిపించిందని, అది స్వామివారి నందకఖడ్గమని చెబుతారు. 1408లో, సర్వధారి నామ సంవత్సర వైశాఖ పూర్ణిమనాడు, రాజంపేట సమీపాన గల తాళ్లపాక గ్రామంలో అన్నమయ్య జన్మించారు. అందుకే వారిని నందకాంశ సంభూతులని కొలుస్తారు.

అన్నమయ్యగారికి బాల్యంలో ఇల్లు చల్లని నీడగా ఉండలేదు. అది ఉమ్మడి కుటుంబం. పాటలు పాడుకుంటూ పనిని మరచే బాలుని ఇంటిల్లిపాదీ మందలించి, పశువులకు గడ్డి కోసుకురమ్మని పంపారు. కొడవలి తగిలి చిటికెనవేలు తెగింది. ఆ బాధలో, తనకు నిజమైన బంధువు శ్రీహరి ఒక్కడేనని ఆ పసివానికి తోచింది. అటుగా పోతున్న యాత్రికుల గుంపులో కలిసి, ఎవరికీ చెప్పకుండ తిరుమలకు సాగిపోయారు. మోకాళ్ల పర్వతం వద్ద ఆకలితో సొమ్మసిల్లి పడియున్న ఆ బాలునికి అలమేలుమంగమ్మ తల్లియై ప్రసాదం తినిపించిందని ప్రతీతి. తిరుమలలో ఘనవిష్ణువను వైష్ణవాచార్యులు వారికి పంచసంస్కారాలు చేసి శిష్యునిగా స్వీకరించారు.

కొడుకును వెదకుచు లక్కమాంబ కొండకు వచ్చింది. ఇల్లు విడిచిన కుమారుడు తిరిగి వచ్చుటకు మొదట అంగీకరించలేదు. గురువుగారి మాటపై చివరకు తల్లి వెంట తాళ్లపాకకు మరలినారు. అన్నమయ్యగారి జీవితంలో ఇది గొప్ప మలుపు. గురువు ఆయనకు సన్న్యాసం ఉపదేశింపలేదు; తల్లి ఉన్న ఇంటికి పంపించాడు. సంసారమే పాటకు విఘ్నమని తలచిన బాలుడు, ఆ సంసారంలోనే పాటను నిలుపవలసిన భారం తలకెత్తుకున్నాడు. పిమ్మట తిమ్మక్క, అక్కలమ్మ అను ఇద్దరిని వివాహమాడినారు. అహోబలంలో ఆదివన్ శఠకోపయతివద్ద వేదాంతం అభ్యసించినారు.

ఆ ఇంట పాట ఒక్కరి సొత్తుగా ఉండలేదు. తిమ్మక్కగారు సుభద్రా కళ్యాణాన్ని తేటతెలుగు పాటగా రచించినారు. తెలుగులో తొలి కవయిత్రి ఆమెయే అని పలువురు సాహిత్య చరిత్రకారులు భావించినారు. ఆమె కుమారుడు నరసింగన్న కూడ కవియని ప్రసిద్ధి. అక్కలమ్మగారి కుమారుడు పెదతిరుమలాచార్యులు. ఇల్లాలికి, బిడ్డలకు కూడ కవితను పంచిపెట్టిన ఇల్లు అది.

గృహస్థునకు పోషణభారం ఉంటుంది. పోషణకు రాజాశ్రయం సులభమార్గం. టంగుటూరు ప్రభువైన సాళువ నరసింహరాయలు అన్నమయ్యగారిని ఆదరించి, వారి శృంగార సంకీర్తన విని ముగ్ధుడై, తనపైనను అటువంటి పాట చెప్పుమని కోరినాడు. హరిని కీర్తించిన నోట నరుని కీర్తింపజాలనని అన్నమయ్యగారు నిరాకరించినారు. రాజు ఆగ్రహించి సంకెళ్లు వేయించగా, స్వామిని వేడుకొన్నంతనే అవి వీడిపోయినవని, రాజు క్షమాపణ కోరినాడని వంశకథ తెలుపుతున్నది. కవిత్వాన్ని రాజుకు ఇచ్చి ఉంటే బిడ్డలకు సిరులు మిగిలేవి. దానిని స్వామికే ఉంచినందున బిడ్డలకు ఒక వ్రతం మిగిలింది.

రాగిరేకుల ఆరంభంలోని వాక్యాన్నిబట్టి, అన్నమయ్యగారు శకవర్షం 1346, క్రోధి సంవత్సరంలో, అనగా 1424లో, పదునారవయేట సంకీర్తనారచనకు పూనుకొన్నారు. శకవర్షం 1424, దుందుభి సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశినాడు, అనగా 1503లో, పరమపదించినారు. దాదాపు ఎనుబది ఏండ్లు సాగిన సేవ అది. అవసానకాలంలో కుమారుడు పెదతిరుమలయ్యను పిలిచి, దినమునకు ఒక సంకీర్తనకు తక్కువ కాకుండ స్వామికి సమర్పించవలసిందిగా ఆదేశించినారని సంప్రదాయం. తండ్రి కొడుకుకు అప్పగించిన ఆస్తి ఆ నియమమే.

పెదతిరుమలాచార్యులు ఆ ఆజ్ఞను శిరసావహించినారు. సంకీర్తనలే కాక వేంకటేశ్వర వచనాలు, నీతిసీస శతకం, సుదర్శన రగడ మొదలైనవి రచించి, భగవద్గీతను తెలుగు వచనంలో అందించినారు. ప్రభువులవలన లభించిన గ్రామాల రాబడిని స్వామివారి కైంకర్యాలకు సమర్పించినట్లు తిరుమల శాసనాలు సాక్ష్యమిస్తున్నాయి. వీటన్నింటికి మించి, తండ్రిగారి సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో భద్రపరచినారు. తాటియాకు కాలక్రమాన శిథిలమవుతుంది. రాగి తరాలు నిలుస్తుంది. కొడుకు చేసిన ఆ ఆలోచనవలననే తండ్రి గళం నిలిచింది.

ఏటేటా ఫాల్గుణ బహుళ ద్వాదశి వచ్చినప్పుడు ఆ కుమారుడు చేసిన పితృకార్యం కూడ సంకీర్తనమే. నిత్యసూరులతో, ఆళ్వారులతో, శ్రీకాంతతో కూడిన వేంకటేశ్వరునితో కలిసి తన ఇంటికి విచ్చేసి ఆరగించవలసిందిగా తండ్రిని ఆహ్వానిస్తూ ఆయన ఒక కీర్తన రచించినారు. కొడుకుకు తండ్రి ఇంకను ఇంటి పెద్దయే. స్వామి ఆ పెద్దతో కూడ వచ్చే అతిథి. మన ఇండ్లలో పెద్దలను తలచుకొని పెట్టే ఆబ్దికానికి ఇంతకన్న ఆర్ద్రమైన భావన దుర్లభం.

పెదతిరుమలాచార్యుల కుమారులు ఐదుగురు. వారిలో జ్యేష్ఠుడు చినతిరుమలాచార్యులు సంకీర్తనలు రచించుటయే కాక, తాతగారు సంస్కృతంలో వ్రాసిన సంకీర్తనలక్షణాన్ని తెలుగు చేసినారు. సంస్కృత మూలం నేడు లభించుట లేదు. మనుమని తెలుగు మాత్రమే మిగిలింది. మరొక మనుమడు చిన్నన్న ద్విపదలో అన్నమాచార్య చరిత్రను రచించినారు. తాతగారి గడ్డికొడవలి కథ, తల్లి వెదకివచ్చిన కథ, సంకెళ్ల కథ మనకు తెలిసినవి ఆ గ్రంథంవలననే. తాతగారు 32,000 సంకీర్తనలు చెప్పినారన్న లెక్క కూడ అందులోనిదే. మహారాజుల చరిత్రలను ఆస్థానకవులు వ్రాస్తారు. అన్నమయ్యగారి చరిత్రను ఇంటి బిడ్డ వ్రాసినాడు.

తరువాతి కాలంలో ఆ భాండాగారం మరుగునపడింది. తాళ్లపాకవారి పాటలు కొన్ని జనుల నోట నిలిచినను, రేకులు చీకటి గదిలో మౌనంగా ఉండిపోయినవి. 1922లో దేవస్థాన శాసనపరిశోధకులు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు వాటిని గుర్తించి వెలుగులోనికి తెచ్చినారు. సుమారు 2,500 రేకులు లభించినవి. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదలైన విద్వాంసులు ఆ సంకీర్తనల పరిష్కరణకు శ్రమించినారు. నేడు అన్నమయ్యగారివి 12,000కు పైగా లభిస్తున్నాయి. ద్విపద రామాయణం వంటి వారి ఇతర రచనలు పెక్కు దొరకలేదు. రాగికి ఎక్కినవి మిగిలినవి. ఎక్కనివి చాలవరకు కాలగర్భంలో కలిసినవి. పెదతిరుమలాచార్యుల పుణ్యమేపాటిదో ఈ భేదమే తెలుపుతున్నది.

శ్రీవారి సన్నిధిలో ఆ వంశసేవ నేటికిని నిలిచియున్నది. రాత్రి ఏకాంతసేవలో తాళ్లపాకవారి లాలి, తరిగొండ వెంగమాంబగారి హారతి స్వామికి ప్రీతిపాత్రాలు. కళ్యాణోత్సవంలో తాళ్లపాకవారు కన్యాదాతలన్న సంప్రదాయం ఉన్నది. జగత్పితకు జోలపాడి, జగన్మాతను కూతురుగా చేసి ధారపోసే భాగ్యం ఆ ఇంటికి దక్కింది.

సంకీర్తనలతో స్వామిని సేవించుట దేవఋణాన్ని, పెద్దల విద్యను చెదరకుండ అందించుట ఋషిఋణాన్ని, తండ్రి తాతల స్మరణను నిలుపుట పితృఋణాన్ని తీర్చినవి. మనకు రాగిరేకులు చెక్కించే శక్తి లేకపోవచ్చును. సంధ్యవేళ దీపం పెట్టి, తాతగారు పాడిన పాటను మనుమరాలికి నేర్పే శక్తి ప్రతి ఇంటికి ఉన్నది. ఏ ఇంట ఆ పాట చెవినుండి చెవికి సాగుతుందో, ఆ ఇంటికి పెద్దలతో కూడ శ్రీనివాసుడు విచ్చేస్తాడు.