కేరీగారి తోటలో మొలచిన గడ్డిపువ్వు

ధ్యాన భాగము: మత్తయి 6:25–34



నాట్ల కాలములో గాని కోతల కాలములో గాని మనకు తీరిక ఉండదు. తెల్లవారకముందే లేచి పొలమునకు పోయి, చీకటిపడిన తరువాత ఇల్లు చేరుదుము. గట్టుమీద పూచిన పువ్వును త్రొక్కుకొని నడతుము గాని దానిని చూడము. తీరిక దొరికిన దినమున దేవుని కార్యములను తలంచుకొందమనుకొందుము. అట్టి దినము ఎప్పుడును రాదు. మనకంటె ఎక్కువ పని నెత్తికెత్తుకొనిన ఒక దైవజనుని జీవితమును ఈ మాసము ధ్యానింతము. ఆయన విలియం కేరీగారు.

కేరీగారు 1761వ సంవత్సరము ఆగస్టు 17న ఇంగ్లాండులోని పాలర్స్‌పరీ అను పల్లెలో జన్మించిరి. తండ్రి మొదట నేతపనివాడు, తరువాత బడిపంతులు. కేరీగారు బాల్యమునుండి పొలములవెంట తిరిగి, మొక్కలను పురుగులను తెచ్చి తన గదిలో ఉంచుకొని గమనించుచుండెడివారు. పెరిగి పెద్దవారై చెప్పులు కుట్టు వృత్తి చేయుచునే భాషలు నేర్చుకొని, బోధకులై, 1793లో సువార్త నిమిత్తము మన దేశమునకు వచ్చిరి.

మొదటి యేండ్లు కన్నీటి యేండ్లు. 1794లో అయిదేండ్ల కుమారుడు పీటరు మరణించెను. భార్య డొరోతిగారికి మతి చలించెను. 1807లో ఆమె కన్నుమూయువరకు ఆ వ్యాధి కుదురలేదు. 1800లో కేరీగారు హుగ్లీ నది ఒడ్డున నున్న శ్రీరాంపూరు చేరి, మార్ష్‌మన్, వార్డు గార్లతో కలిసి అచ్చుకూటమును నడిపించిరి. 1801 నుండి కలకత్తాలోని ఫోర్టు విలియం కళాశాలలో భాషలు బోధించిరి.

ఆయన పని ఎట్టిదో 1806లో ఒక్క దినమును చూచిన తెలియును. ఆరు గంటలకు ముందే లేచి హెబ్రీ బైబిలులో ఒక అధ్యాయము చదివి, ఏడు గంటల వరకు ఏకాంత ప్రార్థనలో గడపిరి. తరువాత బెంగాలీలో కుటుంబ ప్రార్థన, పారశీక పాఠము, సంస్కృతమునుండి తర్జుమా, కళాశాలలో బోధన, అచ్చు కాగితములు దిద్దుట, మత్తయి సువార్తను సంస్కృతములోనికి మార్చుట జరిగెను. సాయంకాలము ఒక తెలుగు పండితునియొద్ద కూర్చుండి మన భాష నేర్చుకొనిరి. రాత్రి ప్రసంగము చేసి, మరల తర్జుమాకు కూర్చుండిరి.

ఇంత పనిలోను ఆయన విడువనిది ఒకటి కలదు. అది శ్రీరాంపూరులో తాను పెంచిన తోట. అదియే ఆయన ప్రార్థన గది. అక్కడ నడచుచు, ఒక్కొక్క మొక్కయొద్ద ఆగి చూచుచు, దేవునితో మాటలాడెడివారు.

1812 మార్చి 11న అచ్చుకూటము అగ్నికి ఆహుతియయ్యెను. అనేక వ్రాతప్రతులతోకూడ ఆయన వ్రాసిన తెలుగు వ్యాకరణమంతయు కాలిపోయెను. ఆయన క్రుంగిపోక తిరిగి మొదలుపెట్టిరి. 1814లో ఆ వ్యాకరణము అచ్చయ్యెను. 1818లో తెలుగు క్రొత్త నిబంధన శ్రీరాంపూరునుండి వెలువడెను.

కొన్ని యేండ్లకు ఇంగ్లాండునుండి ఒక స్నేహితుడు ఆయనకు విత్తనముల సంచి పంపెను. విత్తనములు తీసికొనిన తరువాత కేరీగారు ఆ ఖాళీ సంచిని పారవేయలేదు. ఒక్క గింజయైనను నష్టపోకూడదని నీడపట్టున దానిని దులిపిరి. కొన్ని దినములకు వచ్చి చూడగా అక్కడ ఒక డైసీ మొక్క మొలచియుండెను. అది చేమంతిని పోలిన చిన్న తెల్లని పువ్వు పూయును. ఇంగ్లాండు బీళ్లలో ఎవరును లెక్కచేయని గడ్డిపువ్వు అది. దానిని చూచి 30 యేండ్లు కావచ్చెను. మరల చూతునని ఆయన తలంచలేదు. స్వదేశము విడిచిన తరువాత ఇంతటి సాదాసీదా సంతోషము తనకు కలుగలేదని ఆయన స్నేహితునికి వ్రాసిరి. ఎందరో పండితులకు గురువైన ఆ పెద్దమనిషి ఒక గడ్డిమొక్క ముందర బాలునివలె నిలిచెను.

1823లో వరద వచ్చి తోటను నాశనము చేసెను. ఆయన మరల నాటిరి. చివరి దినములలో నడువలేకున్నను కుర్చీలో కూర్చుండబెట్టించుకొని తోటకు వెళ్లుచుండిరి. 1834 జూన్ 9న ప్రభువునందు నిద్రించిరి.

ప్రియులారా, కేరీగారు పని తీరిన తరువాత ఆగలేదు. ఆయన పని ఎన్నడును తీరలేదు. పని మధ్యనే ఆగిరి. ఖాళీ సంచిని పారవేసినవానికి ఆ పువ్వు దొరకియుండునా? పక్షులను చూడుడని, అడవి పువ్వులను గూర్చి ఆలోచించుడని ప్రభువు సెలవిచ్చినది తీరికగలవారికి కాదు, అన్న వస్త్రములకై చింతపడు కష్టజీవులకే. రేపు ఉదయమున పొలమునకు పోవునప్పుడు గట్టుమీద ఒక్క క్షణము నిలువుడి. గంజి త్రాగునప్పుడు దాని రుచి ఎరిగి స్తోత్రము చెప్పుడి. మీ బిడ్డ ఏదైన చూపించుటకు పిలిచినయెడల, పని ఉన్నదని త్రోసివేయక వంగి చూడుడి. అది మీకొరకు దేవుడు మొలిపించిన పువ్వు కావచ్చును.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, నీవు అనుదినము మాయెదుట ఉంచు చిన్న మేలులను చూచు కన్నులను, వాటియొద్ద నిలిచి నిన్ను స్తుతించు హృదయమును మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.