విల్‌హెల్మ్ మేయర్

హన్స్ విల్‌హెల్మ్ మేయర్ (అక్టోబరు 25, 1824 - జూన్ 3, 1895) డెన్మార్క్ దేశానికి చెందిన సుప్రసిద్ధ వైద్యుడు. పిల్లలలో ముక్కు వెనుక ఉండే అడినాయిడ్ల పెరుగుదలను ఒక ప్రత్యేక వ్యాధిగా గుర్తించి, దానికి శస్త్రచికిత్సను రూపొందించాడు.

జీవితం

మేయర్ ఫ్రెడరిసియా పట్టణంలో జన్మించాడు. కోపెన్‌హాగన్‌లో వైద్యవిద్య పూర్తిచేసి, అక్కడే వైద్యవృత్తి చేపట్టాడు. చెవి వ్యాధులపై ప్రత్యేక శ్రద్ధ వహించాడు. 1895లో ఇటలీలోని వెనిస్ నగరంలో మరణించాడు.

పరిశోధన

ఎల్లప్పుడూ నోటితో ఊపిరి పీల్చుతూ, మ, న వంటి అనునాసికాలను స్పష్టంగా పలుకలేని పిల్లలను ఆ రోజులలో మందబుద్ధులుగా భావించేవారు. వినికిడి తగ్గి, మాట అస్పష్టంగా ఉన్న ఒక యువతిని పరీక్షిస్తూ మేయర్ అంగిలి వెనుకకు వేలు పోనిచ్చి చూడగా, మెత్తని కండ తగిలింది. ముక్కు గుండా పంపగల ఉంగరపు ఆకారంలోని కత్తిని తయారుచేసి, దానిని తొలగించాడు. ఇటువంటి రోగులను మరెందరినో పరిశీలించి, 1868లో తన పరిశోధనను డేనిష్ భాషలో ప్రచురించాడు. 1870లో ఇది ఆంగ్లంలోనూ వెలువడింది. పెరిగిన అడినాయిడ్లు మధ్యచెవికి గాలి చేర్చే నాళాన్ని అడ్డగించడం వలన వినికిడి తగ్గుతుంది. అందువలన చదువులో వెనుకబడిన పిల్లలలో కొందరికి లోపించినది బుద్ధి కాదు, వినికిడి అని తేలింది.

అలెర్జీతో సంబంధం

అలెర్జీ అనే పదాన్ని ఆస్ట్రియా వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే 1906లో ప్రతిపాదించాడు. అప్పటికి మేయర్ మరణించి 11 సంవత్సరాలైంది. దుమ్ము, పుప్పొడి వంటి వాటి వలన కలిగే అలెర్జిక్ రైనైటిస్‌లో కూడా ముక్కుదిబ్బడ, గురక, నోటితో శ్వాసించడం కనిపిస్తాయి. ఈ రెండు వ్యాధులు ఒకే బిడ్డలో కలిసి ఉండవచ్చు. అయితే అలెర్జీయే అడినాయిడ్ల పెరుగుదలకు కారణమా అన్న విషయంలో అధ్యయనాల ఫలితాలు ఏకరీతిగా లేవు. స్టీరాయిడ్ కలిగిన ముక్కు స్ప్రేలు రెండింటిలోనూ ఉపశమనం కలిగించగలవు. శస్త్రచికిత్స అడ్డంకిని తొలగిస్తుందే కాని అలెర్జీని నయం చేయదు. కనుక అలెర్జీని గుర్తించకుండా చేసిన శస్త్రచికిత్స తరువాత కూడా ముక్కుదిబ్బడ కొనసాగవచ్చు. సాధారణంగా యుక్తవయస్సు వచ్చేసరికి అడినాయిడ్లు వాటంతట అవే కుంచించుకుపోతాయి. అలెర్జీ మాత్రం పెద్దయ్యాక కూడా ఉండవచ్చు.

గుర్తింపు

వివిధ దేశాల వైద్యులు విరాళాలు సమకూర్చగా, 1898లో కోపెన్‌హాగన్‌లో మేయర్ స్మారక విగ్రహాన్ని ఆవిష్కరించారు.