సున్నా, ఒకటి - జార్జి బూల్

కంప్యూటరు పాఠం ఎక్కడైనా సున్నా, ఒకటితోనే మొదలవుతుంది. యంత్రానికి ఈ రెండే తెలుసని లెక్చరరుగారు చెబుతారు, మనం నోట్సులో రాసుకుంటాం. ఆ రెండంకెలతో మనిషి ఆలోచనకే బీజగణితం కట్టినవాడు మాత్రం కంప్యూటరును కలలో కూడా ఎరగడు. అతడే జార్జి బూల్.

బూల్ 1815 నవంబరు 2న ఇంగ్లండులోని లింకన్ పట్టణంలో జన్మించాడు. తండ్రి బూట్లు కుట్టేవాడు. ఆయనకు గిరాకీ మీద కంటే దుర్భిణులు తయారుచేయడం మీదే మక్కువ ఎక్కువ. వ్యాపారం దెబ్బతింది. దాంతో 16వ ఏటనే బూల్ బడిపంతులై ఇంటి బరువు నెత్తికెత్తుకున్నాడు. 19వ ఏట సొంతంగా బడి పెట్టాడు. పగలు పిల్లలకు చెప్పడం, తీరిక దొరికితే పెద్ద లెక్కల పుస్తకాలతో కుస్తీ పట్టడం. యూనివర్సిటీ గడప తొక్కకుండానే 1844లో రాయల్ సొసైటీ బంగారు పతకం పొందాడు. 1849లో ఐర్లండులోని కార్క్ నగరంలో, క్వీన్స్ కాలేజీకి మొదటి లెక్కల ప్రొఫెసరయ్యాడు. డిగ్రీ లేని ప్రొఫెసరు!

1847లో ఒకటి, 1854లో ఒకటి, తర్కం మీద రెండు పుస్తకాలు రాశాడు. వాటి సారం ఇది. తెల్లవాటన్నిటికీ ఒక అక్షరం, ఆవులన్నిటికీ ఒక అక్షరం పెట్టండి. రెంటినీ గుణిస్తే తెల్లావులు వస్తాయి. మరి తెల్లవాటిని తెల్లవాటితోనే గుణిస్తే? మళ్లీ తెల్లవే. అంటే దేన్నైనా దానితోనే గుణిస్తే అదే రావాలి. అంకెల్లో ఆ నియమానికి నిలబడేవి రెండే: సున్నా, ఒకటి. సున్నా అబద్ధం, ఒకటి నిజం.

మాది వ్యవసాయ కుటుంబం కనుక మా ఇంటి భాషలో చెబుతాను. బావిలో నీళ్లూ ఉండాలి, కరెంటూ ఉండాలి, అప్పుడే మోటారు నీళ్లు పోస్తుంది. ఇది యాండ్. కాలవ నీళ్లు గానీ బావి నీళ్లు గానీ, ఏది వచ్చినా మడి తడుస్తుంది. ఇది ఆర్. ఉన్నదాన్ని లేదనీ, లేనిదాన్ని ఉందనీ తిప్పి చెప్పేది నాట్.

1864 నవంబరులో బూల్ సుమారు మూడు మైళ్లు వానలో నడిచి కాలేజీకి వెళ్లి, తడి బట్టలతోనే పాఠం చెప్పాడు. జ్వరం పట్టుకుంది. డిసెంబరు 8న కన్నుమూశాడు. అప్పటికి 49 ఏళ్లు. భార్య మేరీ, అయిదుగురు ఆడపిల్లలు మిగిలారు. ఎవరెస్టు శిఖరానికి ఎవరి పేరు పెట్టారో, ఆ జార్జి ఎవరెస్టు మేరీకి పెదనాన్న వరస.

తరవాత 73 ఏళ్లకు, 1937లో, అమెరికాలో ఎం.ఐ.టి. విద్యార్థి క్లాడ్ షానన్ తన థీసిస్‌లో ఒక సంగతి చూపాడు. కరెంటు స్విచ్చుల వలయాలకు బూల్ బీజగణితం అతికినట్టు సరిపోతుందని! స్విచ్చులను ఒకదాని వెంట ఒకటి కలిపితే యాండ్, పక్కపక్కన కలిపితే ఆర్. షానన్‌కు అప్పుడు 21 ఏళ్లు, ఇంచుమించు మన ఈడే. నేటి చిప్పులో స్విచ్చుల పని ట్రాన్సిస్టర్లు చేస్తున్నాయి. లెక్క మాత్రం బూల్‌దే.

సెలవులకు ఇంటికెళితే, ఈ చదువు దేనికి పనికొస్తుందిరా అని మా నాన్న అడుగుతూంటాడు. అప్పు తెచ్చి ఫీజు కట్టేవాడికి ఆ ప్రశ్న అడిగే హక్కుంది. బూల్‌ను అడిగినా యంత్రాల సంగతి చెప్పలేకపోయేవాడు. అయినా వానలో నడిచి వెళ్లి పాఠం చెప్పాడు. కొబ్బరి మొక్క నాటిన ఏడే కాయదని నాన్నకు ఒకరు చెప్పక్కర్లేదు. ఈసారి వెళ్లినప్పుడు ఆయనకు బూల్ కథ చెబుతాను.