బ్రౌను దొర అకారాది

తెలుగు చదువుకున్నవారిలో చార్లెస్ ఫిలిప్ బ్రౌను పేరు విననివారు అరుదు. వేమనను లోకానికి చూపినవాడనీ, నిఘంటుకర్త అనీ, తాటాకులలో శిథిలమవుతున్న కావ్యాలను ఉద్ధరించినవాడనీ ఆయనను స్మరిస్తాము. ఈ మూడు ప్రశంసలూ న్యాయమైనవే. వీటి వెనుక నాల్గవ పని ఒకటి ఉన్నది. దానిని గూర్చి చెప్పేవారు తక్కువ. సేకరించిన దానిని అడిగినవాని చేతికి అడిగిన క్షణాన అందేటట్లు క్రమపరచడం, క్రొత్తవి వచ్చి చేరుతున్నకొద్దీ ఆ క్రమం చెడకుండ ఏండ్ల తరబడి కాపాడడం ఆ పని. ఆయన జీవితాన్ని ఇక్కడ మేము ఆ దృష్టితో చూడదలచాము. నేడు కంప్యూటర్లలో డేటాబేసులను పోషించేవారి నిత్యకృత్యం కూడ ఇదే గనుక, విజ్ఞానశాస్త్ర శాఖల విద్యార్థులు దీనిని కేవలం సాహిత్య వ్యాసమని ప్రక్కకు పెట్టరని ఆశిస్తున్నాము.

బ్రౌను 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించారు. తండ్రి డేవిడ్ బ్రౌను మతాచార్యుడు, బహుభాషావేత్త. అరబ్బీ, పారసీ, హిందూస్తానీ భాషలు కుమారునికి ఇంటిలోనే అబ్బాయి. 1812లో తండ్రి మరణించగా కుటుంబం ఇంగ్లండుకు వెళ్ళింది. హెయిలీబరీలోని కంపెనీ కళాశాలలో చదివి, 1817లో ఆయన మద్రాసు చేరారు. అంతవరకు ఒక్క తెలుగక్షరం ఎరుగని ఆ యువకునికి వెలగపూడి కోదండరామ పంతులు గురువయ్యారు. 1820లో కడపలో ఉద్యోగం, తరువాత మచిలీపట్టణం, 1825లో రాజమహేంద్రవరం.

నన్నయ భారతాంధ్రీకరణకు శ్రీకారం చుట్టిన ఈ గోదావరీ తీరంలో ఆయన ఉన్న కాలం స్వల్పమే. మరుసటి యేడే తిరిగి కడపకు బదిలీ అయింది. అయినా ఆయన మనస్సు కచేరీ తెలుగు నుండి కావ్యాల తెలుగు వైపు మళ్ళినది ఈ కోస్తా పట్టణాలలోనే. తెలుగు సాహిత్యం అంతరించిపోయే దశలో ఉన్నదని ఆయన గ్రహించినది కూడ ఆ రోజులలోనే.

అంతరించడమంటే గ్రంథాలు లేకపోవడమని అర్థం చేసుకోరాదు. గ్రంథాలు ఉన్నాయి. పండితుల ఇండ్ల అటకలపై, జమీందారుల పెట్టెలలో కట్టలు కట్టలుగా ఉన్నాయి. కావలసిన పద్యం మాత్రం చేతికి రాదు. తాటాకు ప్రతిలో పదానికీ పదానికీ నడుమ ఎడం ఉండదు. పద్యం ముగిసి పద్యం మొదలైన చోట క్రొత్త పంక్తి ఉండదు. చివర సూచిక ఉండదు. ఫలాన పదాన్ని ఫలాన కవి ఎక్కడ ప్రయోగించాడని అడిగితే చెప్పగలిగినది ఆ కావ్యాన్ని కంఠస్థం చేసిన పండితుడొక్కడే. ఆయన స్మృతియే సూచిక. ఆ పండితుడు కన్నుమూసిన నాడు ఆకులు అలాగే ఉంటాయి, సూచిక మాత్రం ఆయనతో కాలిపోతుంది. పాతకాలపు నిఘంటువులు సైతం పద్యరూపంలో, పర్యాయపదాల గుంపులుగా ఉండేవి. వల్లించినవానికే అవి అక్కరకు వచ్చేవి. మచిలీపట్టణానికి చెందిన మామిడి వెంకయ్య గారు తమ ఆంధ్రదీపికలో పదాలను అకారాది క్రమంలో కూర్చి ఒక దారి వేశారు. ఆ దారి వేసినవాడు తెలుగువాడేనని మరచి బ్రౌనుకే సర్వస్వం ఆపాదించడం మాకు సమ్మతం కాదు. ఆ దారిని రాజమార్గం చేసినది మాత్రం నిస్సంశయంగా బ్రౌనే.

వేమన విషయమే చూడండి. ఊరూరా దొరికిన ప్రతులలో పద్యాల సంఖ్య వేరు, వరుస వేరు, పాఠం వేరు. ఒకే పద్యం నాలుగు ప్రతులలో నాలుగు చోట్ల, నాలుగు రూపాలలో కనిపిస్తుంది. అది ఒకటేనని పోల్చడం ఎట్లు? మకుటం చూచి పోల్చలేము. అది దాదాపు అన్ని పద్యాలకూ ఒకటే. అందరికీ ఒకే పేరున్న ఊరిలో పేరు పెట్టి పిలిచినట్లే అవుతుంది. పద్యపు మొదటి మాటలను బట్టి వరుస పెడితే తప్ప జంటలు బయటపడవు. ఇట్టి జల్లెడ పట్టి, 1829లో 693 పద్యాలను ఆంగ్లానువాదంతో బ్రౌను అచ్చు వేయించారు. పది సంవత్సరాల తరువాత, 1839లో, ఆ సంఖ్య 1164కు పెరిగింది. దేనిని చూచి వెదకవలెనో నిర్ణయించడం ఇండెక్సు కూర్పులో మొదటి మెట్టు. డేటాబేసు నేర్చుకొనే విద్యార్థికి గురువు చెప్పే మొదటి పాఠమూ ఇదే: అన్ని వరుసలలోనూ ఒకే విలువ ఉన్న నిలువు గడిపై ఇండెక్సు కట్టడం వృథా.

కడపలో బ్రౌను తమ బంగళాలోనే ఒక పండిత కర్మాగారాన్ని నడిపారు. దానిని బ్రౌను కాలేజీ అనేవారు. జూలూరి అప్పయ్య వంటి పండితులు, వారి క్రింద లేఖకులు. ఒక్కొక్క కావ్యానికి అనేక ప్రాంతాల నుండి ప్రతులు తెప్పించి, కాగితంపై శుద్ధప్రతి వ్రాయించి, పాఠాంతరాలు గుర్తింపజేసి, పదసూచికలు తయారు చేయించేవారు. జీతాలన్నీ ఆయన చేతి సొమ్ము. అది చాలక అప్పులు చేశారు. దొరగారికి పిచ్చి పట్టినదని తోటి ఉద్యోగులు అనుకొని ఉంటే ఆశ్చర్యం లేదు.

తెలుగులో పదసూచిక కట్టడం ఎంత కష్టమో తెలియని వారికి ఆ ఖర్చు అర్థం కాదు. సంధిలో పదం రూపు మారుతుంది. కావ్యంలో గొట్టె అని కనిపించిన క్రియను సూచికలో కొట్టు అన్న చోట చేర్చాలి. ఉన్నది ఉన్నట్లు గకారం క్రింద చేరిస్తే రేపు వెదకేవానికి అది లేనట్లే. సున్నతో కూడిన అంకము ముందా, అకము ముందా? శకట రేఫను సాధు రేఫతో కలపాలా, వేరు చేయాలా? కూర్చేవాడు ఇవన్నీ మొదటే నిర్ణయించుకొని, ఇరవై యేండ్లైనా ఆ నిర్ణయానికే కట్టుబడి ఉండాలి. నడుమ నియమం మారితే మొదటి సగం ఒక క్రమంలో, రెండవ సగం మరొక క్రమంలో పడి, ఉన్న పదమే లేదనిపిస్తుంది. ఇది ఊహాగానం కాదు. 2018లో లినక్సు వ్యవస్థలలోని జీలిబ్‌సీ అనే మూల గ్రంథాలయం అక్షరక్రమ నియమాలను మార్చింది. పాత క్రమంలో కట్టిన పోస్ట్‌గ్రెస్ డేటాబేసుల ఇండెక్సులు అనేకం ఉన్న వరుసలను లేవని చెప్పసాగాయి. అక్షరాలపై కట్టిన ఇండెక్సులను తిరిగి కట్టుకొనక తప్పలేదు.

ఉన్నదానిని దాని పేరుతోనే నమోదు చేయాలన్న పట్టుదల బ్రౌనుకు ఉద్యోగంలోనూ ఉండేది. 1832–33లో గుంటూరు సీమను నందన కరువు కబళించినపుడు, పై అధికారులు కొరత అన్న మెత్తని మాట వాడుతుంటే, ఆయన కరువు అనే వ్రాసి వారి ఆగ్రహానికి గురి అయ్యారు. 1834లో ఉద్యోగం పోయింది. ఇంగ్లండుకు వెళ్ళి మూడేండ్లు ఉన్నారు. అక్కడ ఇండియా హౌసు గ్రంథాలయంలో రెండు వేలకు పైగా దక్షిణ భారత భాషల వ్రాతప్రతులు పలకరించే దిక్కు లేక పడి ఉండగా చూచి, వాటికి పట్టికలు కూర్చడంలో పాలుపంచుకొని, అవి మద్రాసుకు చేరే ఏర్పాటు చేయించారు. ఉద్యోగం ఊడినవాడు చేసే పనియేనా అది!

తిరిగి వచ్చి 1838లో ప్రభుత్వ పారసీ అనువాదకుడయ్యారు. ఈ ఘట్టం మా కళాశాల వంటి చోట ప్రత్యేకంగా చెప్పుకోదగినది. ఫిర్యాదు, దస్తావేజు, వకీలు, హాజరు, జమాబందీ వంటి మాటలు లేక నాటి కచేరీ సాగదు. నేటి కచేరీ సాగుతున్నదా? ఇవి పండితుల నిఘంటువులకు అంటరానివి. బ్రౌను వీటిని త్రోసివేయలేదు. తెలుగులో కలిసిన అన్యదేశ్యాలకు వేరొక నిఘంటువునే కూర్చి 1854లో ప్రకటించారు. దానికి ముందు 1850లో హిందూ మహమ్మదీయ కాలగణన పట్టికలు వెలువరించారు. హిజ్రీ సంవత్సరం చాంద్రమానం, సుమారు 354 దినాలది. సౌరమాన సంవత్సరంతో సరిగా పొసగదు. ఒక ఫర్మానాపై ఉన్న హిజ్రీ తేదీకీ, ఒక శాసనంలోని ప్రభవాది సంవత్సరానికీ సంబంధం కట్టాలంటే పట్టిక లేనిదే పని జరగదు. రెండు లోకాల నడుమ ఆయన వేసిన వంతెన అది.

తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడింది. మా డెల్టావాసులకు ఆ సంవత్సరం మరొక విధంగా చిరస్మరణీయం. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి అయినది ఆ యేడే. గోదావరిలో నీరు అంతకు ముందూ ఉన్నది. పొలానికి చేరవేసే కాలువ లేక సముద్రం పాలయ్యేది. కాలువ త్రవ్వినంత మాత్రాన పని తీరలేదనీ, వేసవిలో కాలువలు కట్టివేసి పూడిక తీయాలనీ మన రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు.

నేడు బ్రౌను నిఘంటువును చికాగో విశ్వవిద్యాలయం వారు కంప్యూటరులో నిక్షేపించారు. అచ్చుపుటలు త్రిప్పకయే పదం వెదకవచ్చు. ఇట్టి నిక్షేపాలలో పదానికొక వరుస ఉండి, వేరుగా ఇండెక్సు ఉంటుంది. రూడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్రైట్ అనేవారు 1972లో ప్రకటించిన వృక్షాకారపు అమరికయే నేటికీ దానికి ఆధారం. ఒక్కొక్క పుటలో 200 గుర్తులు పట్టితే, మూడు పుటలు చూచేసరికి 80 లక్షల వరుసలలో కావలసిన దానిని చేరవచ్చు. ఇండెక్సు లేకుంటే మొదటి నుండి చివరి వరకు చదవాలి, అటక మీది తాటాకు కట్టను విప్పినట్లు.

ఈ సౌఖ్యం ఊరక రాదు. ఒక వరుస చేర్చినపుడెల్లా ఉన్న ఇండెక్సులన్నింటిలోనూ దానిని చేర్చాలి. నిండిన పుటలో క్రొత్త మాటకు చోటు లేకుంటే యంత్రం పుటను రెండుగా చీల్చి సగం వేరొక చోటికి తరలిస్తుంది. తొలగించిన వరుసల గుర్తులు కొంతకాలం నిలిచే ఉంటాయి. క్రమంగా ఇండెక్సు ఉబ్బి పలుచబడుతుంది. అందుకే పుటలలో ముందే కొంత ఖాళీ ఉంచడం, అవసరమైనపుడు తిరిగి కట్టడం. ఏ దారిన వెదకాలో యంత్రం గణాంకాలను బట్టి నిర్ణయించుకుంటుంది. ఆ గణాంకాలు పాతబడితే మంచి ఇండెక్సు ఉండి కూడ తప్పుదారి పడుతుంది. ప్రతి వారం ఇండెక్సులన్నీ పునర్నిర్మించడమే శ్రద్ధ అని కొందరు భావిస్తారు. మా దృష్టిలో అది తులసికోటకు రోజూ సున్నం వేసి మొక్కకు నీరు పోయడం మరచినట్లు. ముందు గణాంకాలు తాజాగా ఉన్నవా, ఎవరూ వాడని ఇండెక్సులు ఎన్ని మూలుగుతున్నవి అని చూడడం మేలు.

సంబంధ పట్టికల సిద్ధాంతాన్ని 1970లో ప్రతిపాదించిన ఎడ్గర్ కాడ్, ఇండెక్సులు తీసినా వేసినా ప్రోగ్రాములు చెడరాదని ఆ తొలి వ్యాసంలోనే కోరారు. ఇండెక్సు దారి మాత్రమే, సంపద వేరు. బ్రౌనుకు ఈ వివేకం ఉన్నది. నిఘంటువుకు పనికివచ్చిన మాటలు ఏరుకొని వ్రాతప్రతులను విడిచివేయలేదు. మూలప్రతులను వేల సంఖ్యలో మద్రాసు సాహిత్య సంఘానికి అప్పగించారు. అవి నేటి మద్రాసు ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి మూలధనంలో భాగమైనాయి.

1855లో ఆరోగ్యం చెడి బ్రౌను ఇండియా వదిలారు. 1865లో లండను విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడయ్యారు. వివాహం చేసుకొనలేదు. తమ సాహిత్య జీవితాన్ని 1866లో స్వయంగా చిన్న పుస్తకంగా వ్రాసుకున్నారు. 1884 డిసెంబరు 12న మరణించారు.

అప్పటికి నిఘంటువుకు ముప్పదిరెండేండ్ల వయస్సు. భాష ఆగలేదు. క్రొత్త మాటలు, క్రొత్త అర్థాలు, సవరింపవలసిన తప్పులు పోగుపడినాయి. 1903లో మద్రాసులో రెండవ కూర్పు వెలువడింది. నిఘంటువునంతటినీ తిరిగి పరిశీలించి నాటి కాలానికి సరిదిద్దినవారు ముగ్గురు: ఎం. వేంకటరత్నం, డబ్ల్యు. హెచ్. కాంబెల్, మా రాజమహేంద్రవరానికి చెందిన కందుకూరి వీరేశలింగం పంతులు. చికాగోవారు కంప్యూటరుకు ఎక్కించినది ఈ 1903 నాటి కూర్పునే.